ప్రిమావేరా వాసి

దోన్ ఎవారిస్తోకి తన పశువుల ఎస్టేటు పేరంటే ఎంత మురిపెమంటే, కనిపించిన ప్రతిదాని మీదా అది రాయించేవాడు. గేటు మీద ఇనుప అక్షరాలతో లా ప్రిమావేరా. నీళ్ల ట్యాంకు మీద లా ప్రిమావేరా. చర్చికి ఆయన చేయించి ఇచ్చిన బల్లల మీద, సరిగ్గా మేం మోకరిల్లి తల వంచేచోట కూడా అదే. మా సాన్ సిల్వెస్త్రే ఫుట్‌బాల్ జట్టుకి చొక్కాలు కుట్టించి వీపుల మీద ఆ పేరే వేయించాడు. దాంతో పక్క ఊళ్లవాళ్లు మా కుర్రాళ్లని ముద్ర వేసిన కోడెలని పిలవడం మొదలుపెట్టారు.

మనిషి చెడ్డవాడేం కాదు. పెళ్లికి పిలిస్తే వచ్చేవాడు, చావుకి పిలవకపోయినా వచ్చేవాడు. కానీ అంతకుముందు ఏడాది మా గుడిసెలకీ ఊటమడుగుకీ మధ్య ఉన్న కాలిదారికి అడ్డంగా ముళ్లకంచె వేయించాడు. మా అమ్మమ్మల నాటి దారి అది. ఆయన మాత్రం అక్కడ మొలిచే గడ్డి తనదన్నాడు. అప్పటినుంచీ మేం బిందెలు ఎత్తుకుని, ఆవుల్ని తోలుకుని, గుట్ట చుట్టూ తిరిగి నీళ్లకి వెళ్లాల్సి వచ్చేది. ఆఫీసుల చుట్టూ తిరిగాం, వాళ్లు తల ఊపి పంపేశారు.

కంచె గురించి ఎక్కువ మాట్లాడనిది మా పక్కింటి తేయా ఒక్కతే. అసలు పేరు ఎలెయుతేరియా చువే. మొగుడు పోయాక నాలుగు ఆవుల్ని పెట్టుకుని జున్ను చేసుకుని బతికేది. ఆవిడ మాట్లాడకపోతేనే మేం జాగ్రత్తపడేవాళ్లం. కొత్తగా వచ్చిన ఫాదరీకి, మా ఊరి పండగలో మొదట ఫాదరీయే నాట్యం చేయాలని ఆవిడ వినయంగా చెబితే, పాపం ఆయన చేశాడు. జనం నోళ్లు తెరుచుకుని చూస్తుంటే తేయా కళ్లు మూసుకుని జపమాల తిప్పుతూ కూర్చుంది.

తొలకరి పడ్డాక డాక్టర్ ఇర్మా వచ్చింది. మనుషుల డాక్టరు కాదు, సాంతా క్రూస్‌లోని మ్యూజియంలో పురుగుల మీద పనిచేసే ఆవిడ. బండి నిండా ప్లాస్టిక్ బకెట్లు. నగరంలో సంతకి వెళ్తే ఒక అమ్మాయి చెవులకి పేడపురుగు రెక్కడిప్పలతో చేసిన లోలాకులు కనిపించాయట. నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు, అంచుకి రాగితీగ చుట్టినట్టు ఎర్రగీత. అలాంటి పురుగు మ్యూజియంలో ఏ పెట్టెలోనూ లేదట. లోలాకులు ఎక్కడివని అడిగితే సాన్ సిల్వెస్త్రే వైపువని చెప్పారట. అంతే, ఒక చెవి లోలాకు కోసం అంత దూరం వచ్చింది.

పట్నం నుంచి ఎవరొచ్చినా లా ప్రిమావేరాలోనే దిగేవాళ్లు. ఆ ఇంటికి పొద్దున్నే కునాపేలు, అదే కర్రపెండలం పిండీ జున్నూ కలిపిన రొట్టెలు, కాల్చి ఇచ్చేది నేనే కాబట్టి అక్కడ జరిగేదంతా నా చెవిన పడేది. మొదటిరోజు భోజనాల దగ్గరే డాక్టర్ చెప్పింది. ఆ పురుగు దొరికితే దానికి కొత్త పేరు పెట్టాలి. మొదట ఎక్కడ దొరికితే ఆ చోటి పేరే పెడదామని ఆవిడ ఉద్దేశం. ఒకసారి అచ్చయ్యాక ఆ పేరుని ఎవరూ మార్చడానికి వీల్లేదు. తప్పని తేలినా, పెట్టినావిడే మార్చాలనుకున్నా కుదరదు.

దోన్ ఎవారిస్తో చెంచా కింద పెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారైనా పేడ వంక వంగి చూడని మనిషి, ఆ పురుగులు తన పొలంలో కుప్పలు తెప్పలుగా ఉన్నాయనీ, ఇంకెక్కడా వెతకక్కర్లేదనీ చెప్పాడు. సంతోషం, అయితే ఎర కోసం పందిపెంట కావాలి, మనుషులదైతే ఇంకా మంచిది అంది డాక్టర్, అన్నంలోకి మాంసం ముక్క వేసుకుంటూ. ఆ పూట ఆయన మరి తినలేదు.

బకెట్లని నేలలోకి అంచుదాకా పాతింది. ఒక్కోదాని పైన పుల్లకి చిన్న గుడ్డమూట కట్టి వేలాడదీసింది. వాసనకి వచ్చిన పురుగు బకెట్‌లో పడాలి. పొద్దున్నే వెళ్లి చూస్తే ఈగలు, చీమలు, అక్కడక్కడా గోధుమరంగు నలుసులు. అంతకుమించి ఏమీ లేవు. ఎత్తయిన మూపురాల తెల్ల నెలోరె జాతి ఆవులు చుట్టూ నిలబడి ఆవిడని చూస్తుండేవి. ఆవిడ వాటి పేడని చూసేది. అది ఎక్కడ వేసింది అక్కడే, పళ్లెం బోర్లించినట్టు ఎండి, చెక్కుచెదరకుండా ఉంది. కిందటేడాదిది కూడా అలాగే ఉంది.

ఆవులకి నులిపురుగుల సూదిమందు వేయిస్తారా అని అడిగింది.

"మా ఆవులకా? వాటికి జబ్బంటే ఏంటో తెలీదు" అన్నాడు దోన్ ఎవారిస్తో.

మందకంతటికీ ఏటా దగ్గరుండి సూదులు పొడిచే మేస్త్రీ నికాసియో ఆ పక్కనే నిలబడి, తన టోపీ లోపల ఏదో రాసున్నట్టు శ్రద్ధగా చూసుకున్నాడు.

అయితే రేపు కంచె అవతల గుడిసెల దగ్గర బకెట్లు పెడతానంది డాక్టర్. దోన్ ఎవారిస్తో ముఖం మాడిపోయింది. ఆ పేరు మా గుడిసెలకి పోతుందన్న ఊహే ఆయనకి మింగుడుపడలేదు.

ఆ మధ్యాహ్నం ఊరంతా కునుకు తీస్తున్న వేళ తేయా దొడ్డిలో ఆవు కదిలింది. ఆవిడ వెళ్లి చూస్తే ఎవరో మోకాళ్ల మీద వంగి, తల పేడలో పెట్టినంత పని చేస్తున్నాడు. వెనకనుంచే గుర్తుపట్టింది, తన అన్న కొడుకు నికాసియో.

"ఏం పోగొట్టుకున్నావురా?" అంది.

వాడు ఉలిక్కిపడి లేచాడు. చేతిలో బోర్లా తిప్పిన టోపీ, అందులో బిలబిలమంటూ నీలిపురుగులు.

"అరవకు అత్తా. అయ్యగారు పంపాడు."

"పేడ కోసమా? అంత మంద ఉంది, ఆయన దగ్గర లేదా?"

"పేడుంది. పురుగులే లేవు."

వాడు మొత్తం కక్కేశాడు. లోలాకులు, పేరు, బకెట్లు, సూదిమందు, అబద్ధం, అన్నీ. తేయా దొడ్డిగోడ మీద కూర్చుని విన్నది.

"పేరు పెడితే ఇక మార్చరనే అందా ఆవిడ?"

"తప్పైనా సరే మార్చరంట."

తేయా టోపీ అందుకుని లోపలికి చూసింది. సగం పురుగుల్ని నేలమీద ఒంపేసింది. "ఇవన్నీ బోడివిరా. కొమ్ములున్న మగవాటిని ఏరు, చూడగానే ఆవిడ కళ్లు జిగేల్‌మనాలి. ఆడవి రెండు ఉండనీ. అన్నీ మగవే అయితే అనుమానం వస్తుంది."

తనే వంగి, పేడ కింద పుల్లతో కెలికి, బొటనవేలంత లావున్న వాటిని ఏరి ఇచ్చింది. ఎందుకు సాయం చేస్తున్నావని వాడు అడిగితే, మీ అయ్యగారు మనసు పడ్డాడు కదా అంది.

సాయంత్రం మేమిద్దరం కర్రపెండలం తురుముతుంటే ఇదంతా నాకు చెప్పింది. నాకు ఒళ్లు మండింది. న్యాయంగా మనకి రావాల్సిన పేరుని దోసిట్లో పోసి ఇచ్చావేంటే అన్నాను.

"పేరు పెట్టించుకున్నాక పురుగుల్ని ఆయనే మేపాలి కదా" అంది తేయా. "ఎలా మేపుతాడో చూద్దాం."

మర్నాడు పొద్దున డాక్టర్ కేక ఎస్టేటంతా వినిపించింది. మేం పరిగెత్తి వెళ్తే ఆవిడ నేలమీద చతికిలబడి ఉంది. అరచేతిలో ఒక పురుగు, వెనక్కి వంగిన కొమ్ముతో వేళ్ల సందులోంచి దూరిపోవాలని నెడుతోంది. ఎండకి దాని వీపు నెమలిమెడలా మెరుస్తోంది. ఆవిడ నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది. ఎదురుగా ఎవరుంటే వాళ్లనే కౌగలించుకుంది. అది నికాసియో కావడంతో వాడి చెవులు కందిపోయాయి. దోన్ ఎవారిస్తో మాత్రం ఆ పురుగుల్ని తనే నవమాసాలూ మోసి కన్నట్టు దండాలు అందుకుంటున్నాడు.

పెయ్యని కోసి విందు చేశాడు. కుండలకొద్దీ మొక్కజొన్న చిచా పోశారు. ఎస్టేటు పేరుతోపాటు తన పేరు కూడా తగిలిస్తే ఎలా ఉంటుందని ఆయన అడిగాడు. ఒక పురుగుకి ఒక పేరు చాలని డాక్టర్ మర్యాదగా తప్పించుకుంది. లాటిన్‌లో ప్రిమావేరెన్సిస్ అని పెట్టింది. అంటే ప్రిమావేరా వాసి అని అర్థం. దోన్ ఎవారిస్తో ఆవిడ చేత ఆ మాట మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు.

అది అచ్చయి వచ్చాక ఆ కాగితానికి అద్దం కట్టించి హాల్లో వేలాడదీశాడు. గేటు పక్కన దూడంత సిమెంటు పురుగుని చేయించి నీలిరంగు వేయించాడు. గుట్ట చుట్టూ ఆవుల్ని తోలుకెళ్తూ తేయా ఆ గేటు ముందు ఆగేది. సిమెంటు పురుగుకి దండం పెట్టి, ఇంట్లోవాళ్లంతా కులాసానా అని అడిగేది. దోన్ ఎవారిస్తో వరండాలోంచి చూసి, తనని గౌరవిస్తోందనుకుని చెయ్యి ఊపేవాడు.

మరుసటి తొలకరికి డాక్టర్ మళ్లీ వచ్చింది. ఈసారి ఆ పురుగు ఎక్కడెక్కడ బతుకుతుందో పటం గీయాలి. మొదట లా ప్రిమావేరాలోనే బకెట్లు పెట్టింది. ఒక్కటీ పడలేదు. వాన తక్కువైందేమో అనుకుని మా గుడిసెల వైపు వచ్చింది. తేయా దొడ్డి పక్కన బకెట్ నిండిపోయింది. గుట్టమీద పడ్డాయి. ఏటి అవతల పడ్డాయి. ఫుట్‌బాల్ మైదానం వెనక పడ్డాయి. ఫాదరీ కంచరగాడిద కట్టేసేచోట కూడా పడ్డాయి. దొరికిన ప్రతిచోటా పటం మీద ఎర్రచుక్క పెడుతూ పోయింది.

ఒక పొద్దున తేయా ఇంట్లో నేను పిండి పిసుకుతుంటే, డాక్టర్ వచ్చి ఆ పటం బల్లమీద పరిచింది. చుట్టూ తట్టు పోసినట్టు ఎర్రచుక్కలు. నడుమ తెల్లగా లా ప్రిమావేరా. ఆ తెలుపులో ఒంటరిగా ఒకే ఒక చుక్క, కిందటేడు పెట్టింది.

"తేయా గారూ, ప్రిమావేరా వాసి అన్నిచోట్లా ఉంది, ప్రిమావేరాలో తప్ప" అంది. "ఈ ఒక్క చుక్క ఏమిటో నాకు అర్థం కావట్లేదు. నా కళ్లే నన్ను మోసం చేశాయా అనిపిస్తోంది."

ఆవిడ సరిగ్గా నిద్రపోయినట్టు లేదు. తేయా తలుచుకుంటే ఏ కథైనా అల్లగలదు. ఆ ముఖం వంక చూసి అల్లలేదు. ఆ పురుగులు నా దొడ్డివి, పెద్దవి ఏరి ఇచ్చింది నేనే అని చెప్పేసింది.

డాక్టర్ నవ్వుతుందేమోనని నేను ఎదురుచూశాను. నవ్వలేదు. లేచి బయటికి వెళ్లి దొడ్డిగోడ దగ్గర అటు తిరిగి నిలబడింది. తేయా తడిలేని చేతుల్ని పదేపదే గౌనుకి తుడుచుకుంది. తన ఆటలో డాక్టర్‌కి దెబ్బ తగులుతుందని ఆవిడ లెక్క వేసుకోలేదు.

చాలాసేపటికి డాక్టర్ లోపలికొచ్చింది. "నన్ను చూసి ఏడాదిపాటు నవ్వుకున్నారన్నమాట."

"మిమ్మల్ని చూసి కాదమ్మా, ఆయన్ని చూసి. మధ్యలో మీరున్నారని నాకు తట్టలేదు. తప్పే."

"ఆ కాగితం కింద ఉన్నది నా పేరు."

"తెలుసు. ఏం చేయమంటే అది చేస్తాను."

పేరు మార్చడం కుదరదు, కానీ ఆ పురుగులు ఎక్కడివో నిజం మళ్లీ అచ్చు వేయక తప్పదంది డాక్టర్. తేయా ఒకటే అడిగింది. అచ్చు వేసేముందు ఆ మాట దోన్ ఎవారిస్తోకి మీ నోటితో చెప్పండి, తర్వాత ఆయన నా దగ్గరికి వస్తాడు అని.

"ఆయన? ఇక్కడికా?"

"రాక ఎక్కడికి పోతాడు? పేరు ఆయన దగ్గరుంది, పురుగు నా దగ్గరుంది."

మర్నాడు లా ప్రిమావేరా వంటింట్లో నేను బుట్ట దింపుతూ ఉండగా హాల్లో మాటలు వినపడ్డాయి. దోన్ ఎవారిస్తో మొదట అదంతా అబద్ధమన్నాడు. తర్వాత తప్పు నికాసియో మీదికి తోశాడు. నికాసియో పని ఊడితే అది కూడా అచ్చు వేస్తానంది డాక్టర్.

"మా ఆవుల పేడకి ఏం తక్కువ?" అన్నాడాయన చివరికి, చిన్నబుచ్చుకున్న గొంతుతో.

ఆవు కడుపులో పురుగుల్ని చంపే మందు పేడలో కూడా దిగుతుందనీ, ఆ పేడ తిన్న పిల్లపురుగులు బతకవనీ డాక్టర్ చెప్పింది.

"మా ఆవులకి మందే వేయించం అని చెప్పాను కదా."

"చెప్పారు" అంది డాక్టర్.

మధ్యాహ్నం ఆయన కాలినడకన మా వైపు వచ్చాడు. తన కంచె తీగల మధ్యలోంచి తనే దూరబోయి ప్యాంటు మోకాలి దగ్గర చింపుకున్నాడు. తేయా కుర్చీ వేసి కాఫీ, వేడి కునాపే పెట్టింది. చిరిగిన ప్యాంటు వంక చూడనట్టే చూసింది.

"తేయా, నాకు ఒక గోనెసంచీడు పురుగులు కావాలి."

"ఇస్తాను, వాటికేం భాగ్యం. కానీ అక్కడ ఏం తింటాయి?"

"మందు ఆపేస్తాను. జబ్బు చేసినవాటికి మాత్రమే వేయిస్తాను."

"ఆపితే సంతోషం. మీ మంద పేడలోంచి ఆ మందు పోయేదాకా?"

ఆయన దానికీ సిద్ధపడే వచ్చాడు. "నీ దొడ్డిలోది రెండు బళ్లు ఇప్పించు."

"బండెక్కించి తోలేలోపు ఎండిపోతుంది. వాటికి వేడివేడిగా ఉండాలి దోన్ ఎవారిస్తో, మీకు కాఫీ ఉన్నట్టే."

ఆయన తన కప్పులోకి ఒకసారి చూసుకుని, బల్లమీద పెట్టేశాడు. "మరెలా?"

తేయా తాటాకు ఇంటికప్పు వంక చూస్తూ ఆలోచిస్తున్నట్టు కూర్చుంది. "దానికి నా దగ్గర నాలుగు కాళ్ల బళ్లున్నాయి. పొద్దున మీ పొలంలోంచి నడిచి ఊటకి వెళ్తాయి, నీళ్లు తాగి నడిచి వస్తాయి. దారిలో వేయాల్సింది వేస్తూ వస్తాయి, ఎవరూ చెప్పక్కర్లేదు. వాటి వెనకే పురుగులూ వస్తాయి."

దోన్ ఎవారిస్తో చిరిగిన తన మోకాలి వంక చూసుకున్నాడు. నేను పొయ్యి ఊదడం ఆపాను.

"కంచె" అన్నాడు.

"అవును, కంచె."

"గేటు పెట్టిస్తాను."

"తాళం ఎవరి దగ్గరుంటుంది? తాళం వేస్తే ఆవు తీసుకోలేదు."

ఆయన మీసం కింద ఏదో కదిలింది. ఆపుకోబోయాడు, వల్ల కాలేదు, నవ్వేశాడు. "నువ్వు ఇదంతా అప్పుడే ఆలోచించావా?"

"నాకంత ఎక్కడిది? ఆవులు కాసుకునేదాన్ని" అంది తేయా. అది నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

కంచె తీయించాడు. తేయా ఆవులతో పాటు గుడిసెలన్నిటి ఆవులూ ఆ దారిన పడ్డాయి, బిందెలతో మేమూ పడ్డాం. దోన్ ఎవారిస్తో చేతులు వెనక్కి కట్టుకుని మంద వెనకే నడుస్తూ, ప్రతి పేడకడి దగ్గరా ఆగి వంగి చూసేవాడు. ఆయన ఏదో మొక్కు తీర్చుకుంటున్నాడని దారినపోయేవాళ్లు అనుకున్నారు. వానలు బాగా పట్టాక ఒకనాడు టోపీ ఎక్కడో జారవిడుచుకుని వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి, పిండిచేతులతో ఉన్న నన్ను లాక్కెళ్లాడు. పేడ పక్కన మట్టి కుప్పగా లేచి ఉంది. గుంత అంచున కొమ్ము బయటపెట్టి మగపురుగు కాపలా కాస్తోంది. అది లోపలికి దిగిపోయేదాకా ఆయన మోకాళ్ల మీదే ఉన్నాడు. కిందటేడు విందులో ఆ ముఖంలో ఇంత సంతోషం నేను చూడలేదు.

డాక్టర్ నిజం అచ్చు వేసింది. మొదటి పురుగులు ఎలెయుతేరియా చువే దొడ్డిలోవనీ, వాటిని లా ప్రిమావేరాకి మోసుకొచ్చారనీ, పేరు మాత్రం అలాగే ఉంటుందనీ రాసింది. అది చదివి నగరంలో నవ్వుకున్నారని తెలిసి దోన్ ఎవారిస్తో కొన్నాళ్లు చర్చికి కూడా రాలేదు. తర్వాత తనే అతిథులకి ఆ కథ చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన చెప్పేదాంట్లో చివరికి మంచి బుద్ధితో కంచె తీయించిన పెద్దమనిషి ఒకడుండేవాడు. ఇక డాక్టర్ తేయా ఇంట్లో జున్ను తినేది, కబుర్లు చెప్పేది, కానీ పురుగుల విషయంలో ఆవిడ మాట ఒక్కటీ నమ్మేది కాదు. ప్రతిదీ తన కళ్లతో చూసుకునేది. అదే మంచిదని తేయా కూడా ఒప్పుకుంది.

ఆ ఏడు పటంలో తెల్లటి నడుమ భాగంలోకి సన్నటి ఎర్రచుక్కల వరస ఒకటి వచ్చింది, సరిగ్గా మా కాలిదారి పొడవునా. దోన్ ఎవారిస్తోకి అది చాలలేదు. ఇంత ఎస్టేటుకి ఒక్క గీతేమిటని చిన్నబుచ్చుకుని తేయా దగ్గరికి వచ్చాడు. ఆవుల్ని కాస్త తూర్పు పక్కకి కూడా మళ్లించమన్నాడు. అక్కడ గడ్డి బాగుందట.

"గడ్డి బాగానే ఉంది, చూశాను" అంది తేయా, జున్ను నీళ్లు పిండుతూ. "కానీ అటు కూడా కంచె ఉంది కదా."

ఆయన టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున నేను ఖాళీ బుట్టతో తిరిగొస్తుంటే, నికాసియో కంచె తీగలు కత్తిరించే పొడవాటి పట్టకారు భుజాన వేసుకుని తూర్పు పక్కకి పోతూ కనిపించాడు.